తడికాళ్ళతో నడవమన్న బండలాయన

బండలాయన పోయారన్న వార్త నాకు పాలు పోసే ఆమె చెప్పింది. "నిద్రలోనే పోయినాడంటమ్మా. పొద్దున కాఫీకి లేపితే లేయలేదంట" అని గిన్నెలో పాలు పోస్తూనే చెప్పి పక్కింటికి వెళ్ళిపోయింది. నేను గిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించడం మరిచి, దాని ముందే చాలాసేపు నిలబడ్డాను.

గుత్తిలో ఇల్లు కట్టుకున్నవారిలో ఆయనను ఎరగనివారు తక్కువ. తాడిపత్రి నుంచి లారీల్లో, ఇంటి నేలకు పరిచే నల్లబండలు తెప్పించి, మా వీధి మొదట్లో ఉన్న దుకాణంలో అమ్మేవారు. తొంభైల చివర నేను ఇల్లు మొదలుపెట్టినప్పుడు మొదటిసారి అక్కడికి వెళ్ళాను. కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తూ, పెళ్ళి వద్దనుకుని, నా జీతంతో నేను కట్టుకుంటున్న ఇల్లు అది.

"మగోళ్ళు ఎవరూ రాలేదామ్మా, బేరం మాట్లాడేదానికి?" అని అడిగారు.

"ఇల్లు నాది. బేరమూ నాదే" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు. "అట్లయితే కాళ్ళు కూడా మీవే గదా. చెప్పులిడిసి, కాళ్ళు తడుపుకొని ఈ బండ మింద నడవండి."

నడిచాను. తడికాళ్ళతో నడిపించకుండా ఆయన ఎవరికీ బండ అమ్మేవారు కాదు. దుకాణానికి ఎవరైనా పొడికాళ్ళతోనే వస్తారనీ, ఇంట్లో తిరిగేది మాత్రం సగం పొద్దు తడికాళ్ళతోననీ ఆయన వాదన.

ఉద్యోగ విరమణ తరువాత ఉదయం పూట ఆ దుకాణం ముందున్న రాతి అరుగు మీద కూర్చోవడం నాకు అలవాటైంది. పత్రికలో మొదటి పేజీ ఆయన చదువుకుని, వ్యాపారం పేజీ నాకు ఇచ్చేవారు. "ఇది మీరు చదవండమ్మా. ఆ మాటలు నా నోటికి తిరగవు." బ్యాంకులు పిలిచి మరీ ఇంటి అప్పులు ఇస్తున్న కాలమది. గృహనిర్మాణం ఊపందుకుందనీ, సిమెంటు, ఇనుము, టైల్స్ కంపెనీలకు మంచి రోజులు వచ్చాయనీ వారం తప్పకుండా రాసేవారు. నేను గంభీరంగా చదివేదాన్ని. ఆయన తల ఊపుతూ వినేవారు.

ఒకరోజు మధ్యలో ఆపారు. "ఇండ్లు లేస్తాండాయి, నిజమే. సిమెంటు లారీలు పోతాండాయి, కండ్లారా చూస్తాండా. మరి నా బండ యాడికీ కదల్లేదేమమ్మా?"

నేను వివరించబోయాను. ఇళ్ళకు గిరాకీ పెరిగితే ఇంటి సామగ్రికీ పెరుగుతుందని ఎన్నో ఏళ్ళు తరగతిలో చెప్పినదాన్ని. కళ్ళెదుట ఆ బండలు దుమ్ముపట్టి, గోడకు ఆనుకుని వరుసగా నిలబడి ఉన్నాయి. చివరికి ఆయనే అన్నారు: "పేపర్లో రాసేదానికి బండకు కంపెనీ యాడుండాదిలే."

టైల్స్‌కు కంపెనీ ఉంది. ఆ కంపెనీ మనిషి మెరిసే బొమ్మల పుస్తకంతో వచ్చిపోతుండేవాడు. టైల్స్ పెట్టకపోతే తాను హైవే మీద వేరే దుకాణం తెరుస్తానని బండలాయన కొడుకు పట్టుబట్టాడు. ఆ వారంలోనే ఆయన నన్ను సూటిగా అడిగారు. "చదువుకున్నోళ్ళు. చెప్పండమ్మా, టైల్స్ పెట్టమంటారా, వద్దంటారా?"

ఒక రాత్రంతా ఆలోచించి, మరునాడు "పెట్టండి" అన్నాను. ఆయన కాసేపు నా వైపే చూసి, "సరే" అన్నారు. ఆ చూపుకు అర్థమేమిటో ఇప్పటికీ తెలియదు.

దుకాణానికి అద్దాలు వచ్చాయి, కొత్త బోర్డు వచ్చింది. బండలు పెరట్లోకి వెళ్ళాయి. బేరాలు జోరందుకున్నాయి. కానీ చెంబు మాత్రం కదల్లేదు. టైల్స్‌కు వచ్చినవారిని కూడా ఆయన కాళ్ళు తడుపుకొని నడవమనేవారు. కొందరు నవ్వుతూ నడిచి, కాలు జారబోయి గోడ పట్టుకుని, ఆలోచించుకుని వస్తామని వెళ్ళిపోయేవారు.

"నాయనా, వచ్చిన గిరాకీని నువ్వే తరుముతాండావు!" అని కొడుకు తల పట్టుకునేవాడు. "మేడమ్, మీరన్నా చెప్పండి."

చెప్పాను. టైల్స్ అమ్మదలుచుకుంటే అమ్మండి, లేదా మానేయండి, ఈ రెండు పడవల ప్రయాణం ఏమిటని అడిగాను.

"అమ్మేది నా పని. చూసుకొని కొనేది వాళ్ళ పని. చూసుకునేదానికి నీళ్ళు ఇస్తాండా, అంతే గదమ్మా" అన్నారు, ఎంతో తేలికగా.

అంత పట్టుదల గల మనిషి, దుకాణం వెనకనున్న సొంత ఇంట్లో కొడుకు అద్దంలా మెరిసే టైల్స్ పరిపిస్తానంటే ఒక్క మాట అనలేదు. గడప బయట మెట్టుగా ఉన్న పాత బండను మాత్రం ఉండనిమ్మన్నారట.

ఆయన పోయిన రోజు నేను వెళ్ళేసరికి, ఆ టైల్స్ పరిచిన హాల్లోనే పడుకోబెట్టారు. కొడుకు నా చేతులు పట్టుకున్నాడు. "మీ మాట మిందే నాయన టైల్స్ పెట్టినాడు మేడమ్. లేకుంటే మేం యాడుండేవాళ్ళమో!"

గోడకు ఆనుకుని కూర్చున్న ఆయన భార్య తలెత్తింది. "నీకేం తెలుసురా. మేడమ్మను అడిగేటప్పటికే కంపెనీవానికి మాటిచ్చేసి వచ్చినాడు మీ నాయన."

మాట ఇచ్చేసిన మనిషి నన్నెందుకు అడిగారు? మర్యాదకా? లేక నేను వద్దంటే, ఆ ఒక్క మాట పట్టుకుని వెనక్కి తిరగాలనుకున్నారా? అడగవలసిన మనిషి నా ఎదుటే కళ్ళు మూసుకుని ఉన్నారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా నాకు ఏదీ తేలడం లేదు. ఒంటరిగా ఇల్లు కడుతున్న నన్ను మరొక్కసారి కూడా మగవాళ్ళ గురించి అడగకుండా, నా కాళ్ళకు నీళ్ళిచ్చిన మనిషి ఆయన అన్నది మాత్రం నిశ్చయం.

మధ్యాహ్నం దాటాక మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగివచ్చారు. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, ఆయనను పడుకోబెట్టిన చోట వెలిగించిన దీపం చూడడానికి ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ముందు కొడుకు వచ్చాడు. గడప దాటగానే ఒక చేత్తో తలుపు పట్టుకుని, కాలివేళ్ళు అదిమిపెట్టి, మెల్లగా అడుగు వేశాడు. అతని వెనక వచ్చినవారందరూ, ఎవరూ చెప్పకుండానే, అలాగే నడిచారు.

నేను గడప దగ్గరే నిలబడి బయటి బండ వైపు చూశాను. దాని మీద వాళ్ళ తడి అడుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చివరి మనిషి లోపలికి వచ్చేసరికి, మా గుత్తి ఎండకు, మొదటి అడుగులు ఆరిపోయాయి.