సోమవారం ఏరు ఎర్రన

అద్దకం మిల్లులో ఆమెను అందరూ రంగులక్క అంటారు. నూలు చిలపల కట్టలు రంగులో ముంచి తీసి ఇరవై ఏళ్లు. పెళ్లికి వెళ్లినా గోళ్లలో రంగు ఆమెకంటే ముందే పలకరిస్తుంది. మిల్లు కాలవ వెనక ఏట్లో కలుస్తుంది. సోమవారం ఎరుపు తొట్టి వదులుతారు, బుధవారం నీలం, శుక్రవారం పసుపు. లోకంలో ఏరులన్నీ ఇంతేననుకుని పెరిగింది. బళ్లో ఏరు బొమ్మ వేయమంటే, "ఏ రోజుదండీ?" అని అడిగిందట. తరగతంతా పగలబడి నవ్వింది.

ఆ ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. పెద్దయ్యాక దాన్నే కవితగా, మిల్లులో రంగుల లెక్క రాసే చీటీల వెనక రాసుకుంది. మురుగు శుభ్రం చేసే తొట్టి కట్టాలని పోరాడుతున్న కార్మిక సంఘం, ఏటి మీద సంచిక వేసి ఊరి సభలో పంచుతుందని తెలిసి ఆ కవిత ఇచ్చింది. తను రాసింది అచ్చుకు ఇవ్వడం అదే మొదలు.

సంచిక చూసేది గ్రంథాలయం పెద్దాయన. మనసు వెన్నే. కానీ ప్రకృతి అంటే ఆయనకు వెన్నెల, పిల్లగాలి, తేటనీరు. 'ఎర్రనీళ్లు' కొట్టేసి 'తేటనీళ్లు' అని దిద్దాడు. మిల్లు గొడవ వ్యాసంలో రాసుకోవచ్చు, కవితనెందుకు మురికి చేయడం అన్నాడు. దిద్దుబాటు ఒప్పుకుంటే మొదటి పేజీ, లేదంటే అసలు లేదు. కాలం బురదలో కూరుకుపోతుంటే కవిత్వం తెల్లచొక్కా వేసుకుని గట్టున కూర్చోవాలనడం ఎక్కడి న్యాయం?

ఒక్క మాటే కదా, మార్చేస్తే పోలేదా అని రంగులక్క ఇంట్లో గొణిగింది. వయసులో ఆ ఏట్లోనే ఊరి బట్టలు ఉతికిన అత్తగారు చెవి ఇటు పడేసింది.

"తేటనీళ్లు చూసినదాన్ని నేనే. రాస్తే నేను రాయాలి, నాకా అక్షరం ముక్క రాదు. నువ్వు చూసింది నువ్వు రాయవే. తిండి నాది, త్రేన్పు నీదా?"

మర్నాడు సోమవారం. రంగులక్క గ్రంథాలయానికి వెళ్లింది.

"మొదటి పేజీ వద్దండి. మూలన వేసినా చాలు. నీళ్లు మాత్రం ఎర్రగానే ఉండాలి."

"వందేళ్ల తర్వాత చదివేవాళ్లు ఏమనుకుంటారమ్మా?"

"వీళ్లు నోరు మూసుకోలేదు అనుకుంటారండి."

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ ఊళ్లోనే తల నెరిసినా మిల్లు వెనక్కి ఎన్నడూ వెళ్లలేదని ఒప్పుకున్నాడు. ఆమే వెంటబెట్టుకు వెళ్లింది. ఆయన వంగి చేతిరుమాలు నీళ్లలో ముంచాడు. అది గులాబీ రంగులో పైకి వచ్చింది. దారి పొడవునా దాన్ని పిండుతూనే ఉన్నాడు. కవిత మొదటి పేజీలోనే వచ్చింది, ఎర్రగా.

సభలో దాన్ని మిల్లు కార్మికులే వంతులవారీగా చదివారు. ఒక్క కవితతో మురుగు శుద్ధి తొట్టి లేవలేదు. అర్జీలు, ధర్నాలు, రెండేళ్లు పట్టింది. లేచాక ఒక సోమవారం రంగులక్క ఏట్లో దిగింది. నీళ్లలోంచి తన కాలివేళ్లు తనకే కనిపించాయి. ఎవరివోనన్నట్టు చాలాసేపు చూసింది. గట్టు మీదున్న అత్తగారిని కేకేసి చూపించింది.

ఆ సంగతి తెలిసి పెద్దాయన నవ్వుతూ, ఇప్పుడైనా తేటనీళ్లు అని రాస్తావా అన్నాడు.

రంగులక్క చీటీ తిప్పి పెన్ను తీసింది.

"మోకాలి లోతు దాకా కనిపిస్తోందండి. అంతవరకే రాస్తాను."