గాలి తక్కువ ఊరు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే ఏ యాభై ఏళ్ళ కిందటివో అనుకోకండి, రెండేళ్ళే అయింది. అప్పుడు మా మనవరాలికి పదహారు, నాకు అరవై ఆరు. తొందరపాటులో మాత్రం ఇద్దరిదీ ఒకే వయసు. మూడో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పెట్టాలి, ఏ చుట్టాన్ని ఎన్ని పూటలు ఉంచుకోవాలి, చిరిగిన చీర ఇంకా ఎన్ని పనులకు వస్తుంది అన్నవన్నీ ఇంట్లో నేనే తేల్చేదాన్ని. మా పెద్దోడు గులాబీ తోటలో నిలబడి, ఎవరేమడిగినా తల ఎత్తకుండా "అమ్మనడగండి" అనేవాడు. కోడలు కూడా అంతే. (అది నా మీద గౌరవమని అప్పట్లో అనుకునేదాన్ని. వాళ్ళకు అదొక తీరుబడి అని ఈమధ్యే తెలిసింది.)

మనవరాలిని మేమంతా మిడత అంటాం. దాని కాళ్ళు ఆ తీరులో ఉంటాయి. పొద్దున్నే కెలవరపల్లి డ్యాం కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తేది. దానికి పరుగు నేర్పింది నేనేనని నా నమ్మకం. చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల అంగడికి పోయి చక్కెర తెమ్మని తరిమేదాన్ని. ఒక్కనాడూ పాలు పొంగిపోలేదు. తరువాత బడిలోనూ, తాలూకాలోనూ, జిల్లాలోనూ అదే ముందు వచ్చింది. ఒకనాడు వాళ్ళ ఆటల మాస్టరు కృష్ణగిరి నుంచి బండి మీద మా ఇంటికి వచ్చాడు. (మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి మాకాయన విజిల్ సార్.) ఉత్తరాదిన మంచుకొండల నడుమ ఒక ఊరు ఉందట. అక్కడ పరుగు నేర్పే శిబిరంలో మిడతకు చోటు ఇస్తామన్నారట. మూడేళ్ళు అక్కడే ఉండాలి, అక్కడే చదువుకోవాలి. ముందు ఒక వారం ఉండి చూడవచ్చు, వారం ముగిసేనాటికి అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు వేరే పిల్లకు పోతుంది.

"అంత దూరం యాలప్పా? ఈడ కట్ట లేదా, దారి లేదా?" అన్నాను.

"ఆడ గాలి తక్కువమ్మా. తక్కువ గాలిలో పరిగెత్తేది అలవాటైతే, కిందికి వచ్చినాక ఎవురూ పట్టుకోలేరు."

"గాలి తక్కువ ఉండే ఊర్లో మనుషులు ఎట్ల బతుకుతారు?"

"బాగానే బతుకుతారమ్మా. పాప పైకి రావల్లంటే పైకి పోవల్ల."

ఆయన పోయాక నేను బాగా ఆలోచించాను. కావలసింది తక్కువ గాలే అయితే, దానికోసం దేశం దాటినంత పని ఎందుకు? మరునాడు పొద్దున మిడత ముక్కూ నోరూ మూసి తుండుగుడ్డ బిగించి కట్టి, కట్ట మీదికి పంపాను. అది తిరిగి వచ్చి "అవ్వా, పరుగు రాలేదు గానీ ఏడుపు వచ్చింది" అంది. ఆ మరునాడు చూస్తే, కట్ట మీద నడకకు వచ్చే పెద్దమనుషులు నలుగురు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు. మళ్ళీ ఏదో జబ్బు వచ్చిందట కదమ్మా అని నన్నే అడిగారు.

ఇంక ఎవరినైనా అడుగుదామని కల్లావిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఫోన్‌లో అవసరమైనదానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. (ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటేనని మిడత చెప్తుంది. నా నోటికి ఆ సంగతి ఇంకా ఎక్కలేదు.) "మిడత పైకి పోతా ఉందే, నాకి ఏం చేసేదీ తోచలేదు" అని చెప్పి పెట్టేశాను. మధ్యాహ్నానికల్లా చెల్లెలు బస్సులు మారి వచ్చి, వీధి మొదటి నుంచే ఏడుపు అందుకుంది. చేతిసంచిలో బంతిపూల హారం. వాకిట్లో అరుగు మీద కూర్చుని రాగిముద్ద తింటున్న మిడత, ఎవరు పోయారో తెలియక తాను కూడా ఏడవడానికి సిద్ధమైంది.

చెల్లెలు దాన్ని చూసి, ఏడుపు ఆపి, వీపు మీద ఒకటి వేసింది. "బతికే ఉండావేమే? మీ అవ్వ మాట నమ్మి ఇంత పెద్ద హారం తెచ్చినానే, ఇప్పుడు దీన్ని ఏం చేసేది?"

"అవ్వకి వెయ్యి. పైకి పోయేది నేనొక్కదాన్నే కాదు, నాతో తనూ వస్తా ఉంది" అంది మిడత.

హారాన్ని దేవుడి పటానికి వేశాం. ఎవరికోసం తెచ్చిందో ఆయనకు చెప్పలేదు. పైకి పోవడమంటే ఏమిటో నేను వివరంగా చెప్పాక చెల్లెలు, "ఇంతకీ పంపిస్తావా, లేదా?" అని అడిగింది. "చూసి వస్తాను" అన్నాను. చూసి రావడమంటే వెనక్కి తీసుకురావడమేనని నా మనసులో ముందే రాసిపెట్టుకున్నాను. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి నా పక్కనే పడుకునేది, నా తిట్లతోనే లేచేది. మూడేళ్ళు ఎవరిని తిట్టాలి నేను? పైకి మాత్రం చలి అన్నాను, తిండి పడదన్నాను. పెద్దోడు శిబిరం వాళ్ళ కాగితంలో తండ్రిగా తన సంతకం చేసిచ్చి, పెద్దల సంతకానికి ఇంకొక గీత ఉంటే దాన్ని ఖాళీగా వదిలి, "అమ్మనడగండి" అన్నాడు.

ఒక రైలు, ఇంకొక రైలు, ఆ తరువాత కొండ చుట్టూ తిరిగి తిరిగి తల తిప్పించే బస్సు. మిడత, నేను, విజిల్ సార్, ఒక సంచి రాగిపిండి. ఆ ఊరి పేరుకు నా నోరు తిరగదు కాబట్టి పైఊరు అనే అంటాను. చలికి రెండు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకున్నాను. మొదటి రోజు పొద్దున మేము దిగిన గది కిటికీలోంచి చూశాను. ఎదురుగా గట్టు మీద మైదానం. బుగ్గలు ఎర్రగా ఉన్న అక్కడి పిల్లలు గాలిపటాల్లా పోతున్నారు, అందరికన్నా వెనక మా మిడత. పరుగు ముగియగానే గోడ పక్కకు పోయి వాంతి చేసుకుంది. చెప్పకూడదు గానీ, నా కడుపు చల్లబడింది. రెండో రోజూ అంతే. మూడో రోజుకల్లా నేను సంచి సర్ది పెట్టాను.

మాట చెప్పాల్సిన ఏడో రోజు నేనే మైదానానికి బయలుదేరాను. వాకిట్లో నిలబడ్డ జీపువాడు వేళ్ళతో బాడుగ లెక్క చూపించాడు. "కంటికి కనబడే చోటికి బండి యాలప్పా" అని తెలుగులోనే చెప్పి నడిచాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ పోయాను: నీకి ఇంట్లో ఏం తక్కువ, ఊరికే సుమ్మనే వాంతి చేసుకునేదానికి ఇంత దూరమా, నడు ఇంటికి. మాటలు చక్కగా కుదిరాయి. కానీ సగం గట్టు ఎక్కేసరికి ఒక మాట జారిపోయింది, ముప్పాతిక ఎక్కేసరికి వాక్యాలే పోయాయి. పైకి చేరేసరికి నా దగ్గర రొప్పు తప్ప ఏమీ మిగలలేదు. బెంచీ మీద కూలబడ్డాను. మిడత వచ్చి నా ముందు నిలబడింది. వెనకే విజిల్ సార్, ఉన్ని టోపీ పెట్టుకున్న అక్కడి మాస్టరమ్మ.

"అవ్వా, వారం దినాలూ నేనే కడాన వచ్చినాను" అంది మిడత.

అందుకే కదే అనబోయాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

"మన ఊర్లో నేను నడిచినా ముందే వస్తాను. ఈడ చచ్చేట్టు పరిగెత్తినా కడానే. ఈ పిల్లోళ్ళను పట్టుకోవల్లని ఉంది అవ్వా. నువ్వు రమ్మంటే వస్తాను, నీకి ఎదురు చెప్పను. కానీ నాకి ఉండల్లని ఉంది." అని ఆగి, నా తిట్ల కోసం ఎదురుచూసింది. పదహారేళ్ళలో అది ఎదురుచూసినా తిట్లు రానిది ఆ ఒక్కసారే.

"ఏమంటారమ్మా?" అని అడిగాడు విజిల్ సార్. రొప్పుతున్నదాన్ని, తల దానంతట అదే పైకీ కిందికీ ఊగుతోంది. "సరే అన్నారు" అని ఆయన మాస్టరమ్మకు చెప్పాడు. ఆమె నవ్వి, కాగితమూ పెన్నూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

నా పేరులో అయిదు అక్షరాలు. నా చదువుకు ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు. మొదటి అక్షరం ముగిసేసరికి గుండె దడ తగ్గింది. రెండోదానికి ఊపిరి సమంగా వచ్చింది. మూడోదానికి మాట కూడా వచ్చింది. "ఈ పెన్ను సరిగ్గా రాయలేదు, వేరేది ఇయ్యప్పా" అన్నాను. విజిల్ సార్ తన జేబులోది ఇచ్చాడు. మిగతా రెండు అక్షరాలు దాంతో రాశాను.

ఈనాటికీ ఎవరడిగినా, ఊపిరాడక తల ఊపితే వాళ్ళే సరే అనుకున్నారని, నాకేమీ తెలియదని చెప్తాను. పెద్దోడు నమ్మాడు, చెల్లెలు సగం నమ్మింది. మిడత మాత్రం ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంది. మూడు అక్షరాలు నీలం, రెండు నలుపు. సెలవులకు వచ్చినప్పుడల్లా దాన్ని తీసి నా ముందు పెడుతుంది. అంత చలిలో, రెండు చీరలు కట్టుకుని, తొందర లేకుండా ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకుంటూ కూర్చున్న ఆ మొండి మనిషి ఆ అక్షరాల్లో కనబడి, నాకు లోపల్లోపలే నవ్వొస్తుంది.