ప్రార్థనలో కుమార్ పేరు

ఆ ఆదివారం ఐలవ్వ మందిరంలో కూర్చుందే గానీ, ప్రాణమంతా మగవాళ్ళ వైపే ఉంది. నస్పూర్‌లోని ఆ రేకుల మందిరంలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క చాపల మీద కూర్చుంటారు. తల తిప్పితే గానీ కొడుకు కనపడడు. తిప్పితే అందరూ చూస్తారు. రెండేళ్ళ తరువాత వచ్చిన కుమార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడో, లేచి పోయాడో.

అతను ఇల్లు విడిచింది ఆమె నోటి వల్లనే.

ఐలవ్వది పెద్ద గొంతు. అంగన్‌వాడీలో ఆయమ్మ. ఆమె పిలిస్తే రెండు గల్లీల అవతలి పిల్లలు కూడా వచ్చి వరుసలో కూర్చునేవారు. బొగ్గుబాయిలో పనిచేసిన భర్త పర్శరాములు పోయాక కుమార్ తాగుడు మరిగాడు. ఆమెకు దిక్కు ప్రార్థన ఒక్కటే అయింది. పాటలు అయ్యాక పాస్టరు గారు, "ప్రార్థన అవసరతలు చెప్పండి" అనేవారు. ఒకరు మోకాళ్ళ నొప్పి అనేవారు, ఒకరు బిడ్డ పరీక్షలు అనేవారు. ఐలవ్వ లేచిందంటే ఏదీ దాచేది కాదు. కొడుకు ఏ దుకాణం ముందు పడిపోయాడో, ఎవరు మోసుకొచ్చారో, పొద్దున పక్కబట్టలు ఎందుకు ఉతకవలసి వచ్చిందో అన్నీ ఏడుస్తూ చెప్పేది. చాపల మీద ఆడవాళ్ళూ ఏడుస్తూ వినేవారు. ఆమె దేవుడికి చెప్పుకున్నాననుకుంది. విన్నది మాత్రం ఊళ్ళో సగం ఇళ్ళు.

నిర్మల్ నుంచి వచ్చిన సంబంధం అట్లాగే పోయింది. "మీ ఇంటి సంగతి మీ అవ్వనే చెప్తది గద" అని పిల్ల తరఫువాళ్ళు కబురు పంపారు. కుమార్ ఆ సాయంత్రం అరవలేదు.

"మందిరంల నన్ను బట్టలిప్పి నిలబెట్టినవ్ అవ్వా. వారం వారం."

"నీ మంచికే కద కొడుకా."

"తాగి నా ఇజ్జత్ నేను తీసుకున్న. మిగిలింది నువ్వు తీసినవ్."

కరీంనగర్ వెళ్ళి ట్రాలీ ఆటో నడపసాగాడు. ఫోన్ ఎత్తేవాడు కాదు.

నిన్న పొద్దుగూకే వేళ బండి మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "రేపు నీతోని మందిరానికి వస్త. అక్కడ నా ముచ్చట ఎత్తితే లేచి పోత. మల్ల రాను." ఆమె తల ఊపింది. దగ్గరికి పోయి నోటి వాసన చూడాలని మనసు పీకింది. పోయింది, నుదుటి మీద చెయ్యి పెట్టింది, కానీ తన ఊపిరి బిగబట్టుకుంది.

ఇప్పుడు పాటలు అయిపోయాయి. పాస్టరు గారి భార్య రోజారాణమ్మ కళ్ళు మెరుస్తున్నాయి.

"ఐలవ్వక్కా, దేవుడు ఇయ్యాల ఎంత పెద్ద కార్యం చేసిండు. లేచి సాక్ష్యం చెప్పక్కా."

సగం తలలు ఐలవ్వ వైపు, సగం తలలు మగవాళ్ళ పక్క గోడ వైపు తిరిగాయి. లేవకపోతే దేవుడు చేసిన మేలు దాచినట్టు. లేస్తే కొడుకు పోతాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది.

"అందరికి వందనాలు. నా కొడు..." నాలుక కరుచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసింది. "నా నోటి కోసం ప్రార్థన చేయుండ్రి. గిది ఆగుతలేదు. ఇన్నేండ్ల సంది నాది కాని ముచ్చట మోసుకొచ్చి మీ ముందట పోసిన. గంతే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రోజారాణమ్మ ఏమీ అర్థం కాక "ఆమెన్" అంది. అప్పుడే కుడి పక్కన ఎవరో లేచిన చప్పుడు. గుమ్మం దాకా అడుగులు. బయట బండి స్టార్టయింది.

ప్రసంగంలో ఒక్క ముక్క ఆమె చెవికెక్కలేదు. ముచ్చట ఎత్తినట్టా, ఎత్తనట్టా?

ఇంటికి వచ్చే దారిలో వైన్ షాపు ముందు ఎర్ర బండి ఆగి ఉంది. ట్యాంకు మీద సిలువ స్టిక్కర్. ఒకప్పుడు తానే అతికించింది. ఇదివరకయితే లోపలికి పోయి కాలరు పట్టి గుంజుకొచ్చేది. ఇవాళ కూడా కాళ్ళు అటే లాగాయి. గుంజితే మళ్ళీ పోతాడు. గుంజకపోతే తాగుతాడు. ఇంటికి నడిచి, ఇద్దరికి బియ్యం కడిగింది.

అన్నం ఉడికింది, చల్లారింది కూడా. బండి చప్పుడు వినపడిన ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి, వెనక్కి పోయింది. చివరికి కుమార్ నల్ల కవర్లో కోడిమాంసం పట్టుకుని వచ్చాడు. అతనికంటే ముందు మందు వాసన వచ్చింది.

"ఏం అడుగవా?" అన్నాడు.

"కారం ఎంత వెయ్యాల్నో అడుగుదామనుకున్న."

గడప మీద కూర్చున్నాడు. "తాగిన అవ్వా."

"ఎరుకే."

"పోదామనే బండి తీసిన. చౌరస్తా దాకా పోయిన. నీ నోటి కోసం ప్రార్థనట. గది దేవునితోనన్న అయితదా అనుకుంట మర్లొచ్చిన. మందిరంల మొగం చూపియ్య బుద్ధి గాక గా దుకాణంల కూసున్న."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "నన్ను మాఫ్ చెయ్యి కొడుకా."

అతను ఉల్లిగడ్డలు ముందుకు లాక్కుని పొట్టు తీయడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే, "వచ్చే ఆదివారం ప్రార్థనల నా పేరు చెప్పు" అన్నాడు. "పేరొక్కటే. కత చెప్పకు."

కుమార్ తాగుడు ఆనాటితో ఆగలేదు. కొన్ని నెలలు మానేవాడు, మళ్ళీ పడేవాడు. మందిరానికి ఒక వారం వచ్చేవాడు, మూడు వారాలు వచ్చేవాడు కాదు. ఐలవ్వ భయమూ పోలేదు. కిందటి వానాకాలం కన్నుమూసేదాకా బండి చప్పుడైతే తల ఎత్తేది. కానీ ప్రతి ఆదివారం లేచి, "కుమార్" అని, కూర్చునేది.

మొదట్లో రోజారాణమ్మ మిగతాదాని కోసం ఆగి చూసేది.

"గంతేనా అక్కా?"

"గంతే అమ్మగారు."