రంగునీళ్లు తాగిన బంతినారు

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంటి వెనుక రెండే మడులు ఉండేవి. ఇల్లంతా మగ్గం తినేయగా మిగిలిన జాగా అది. ఒక మడిలో మా మేనత్త మిరప, వంగ వేసేది. రెండోది ఆ ఏడు నాదైంది. కిందటి బతుకమ్మకు మా ఇంట్లో బంతిపూలు లేక, పక్కింటివాళ్లు ఏరి పారేసిన పూలు పేర్చుకుని అందరి మధ్యా నిలబడ్డాను. ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా నాన్న, "వచ్చే బతుకమ్మ దాక గా మడి పిల్లదే" అని మాటిచ్చాడు. అమ్మ లేని ఇల్లు, పెత్తనమంతా మేనత్తది. ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగింది.

రోహిణి ఎండల్లో నారు బతికించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. పగిలిన కుండలో బంతి విత్తనాలు చల్లి, పైన తడి గోనెపట్టా కప్పి, అది ఆరినప్పుడల్లా తడిపాను. మృగశిరలో వాన పడ్డాక వేళ్లు తెగకుండా ఒక్కొక్క మొక్కనూ తీసి మడిలో నాటాను. మొక్కలు తేరుకుని కొత్త ఆకులు వేశాయి. మేనత్త అటు వెళ్లినప్పుడల్లా, "పూలతోని కడుపు నిండుతదా?" అనేది. అయినా పీకలేదు. పీకితే తన అన్న ఇచ్చిన మాటను కాదన్నట్టవుతుంది.

ఒక పొద్దున నూలుకు రంగు వేయడం అయ్యాక, గంగాళంలో మిగిలిన ఎర్రనీళ్లు బిందెలో నింపి నన్ను పిలిచింది. ఎన్నడూ లేనంత ప్రేమగా పిలిచింది.

"ఉట్టి నీళ్లు పోస్తే ఉట్టి పసుపే పూస్తది పిల్లా. గీ నీళ్లు పొయ్యి, చీర అంచు లెక్క ఎర్రగ పూస్తది."

"నిజంగనా అత్తా?"

"నమ్మకుంటే మీ నాయిననడుగు."

అడిగాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నాన్న, పోగును అటూ ఇటూ మోసే నాడె ఆపలేదు, తలెత్తలేదు. "అత్త చెప్పింది గద. పో, పొయ్యి" అన్నాడు.

రంగు నూలుకు పట్టడానికి ఆ నీళ్లలో కాస్టిక్ సోడా కలుపుతారు. చేయి పెడితే తోలు ఊడుతుంది. పిల్లల్ని రంగు గంగాళం దగ్గరికి రానివ్వరు కాబట్టి నాకది తెలియదు. ఒక్క మొక్కనూ మరిచిపోకుండా అన్నింటికీ పోశాను.

సాయంత్రానికి మడి అంతా వాలిపోయింది. ఆకులు ఉడికించినట్టు నల్లబడ్డాయి. మేనత్త పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించింది. "మగ్గం ఇంట్ల పుట్టి రంగునీళ్ల సంగతి తెల్వదంట దీనికి!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. "ఏడ్వకు బిడ్డా, గిప్పుడు తెలిసింది గద. ఇగ బతికినన్ని దినాలు యాదుంటది" అన్నాడు. అదే వాళ్లు నాకు నేర్పిన పాఠమట.

మర్నాడు మేనత్త పైమట్టి గీకి అవతల పోసి, నా మడిలో వంగనారు నాటింది. నాన్న అది చూసి, మగ్గం గుంటలోకి దిగి నేతలో పడ్డాడు. మాట తప్పింది ఆయన కాదు కదా, నా మొక్కల్ని నేనే చంపుకున్నాను! ఆ బతుకమ్మకు నేను గడప దాటలేదు. ఆ మడి వంకాయ నా నోట్లో పడలేదు, ఈనాటికీ ఏ వంకాయా పడదు.

మేనత్త పోయింది ఎన్నో ఏళ్ల తర్వాత, ఒక వానాకాలం చివర. పాడె మీదికి పూలు కావాలని నాన్న నా ఇంటికి మనిషిని పంపాడు. నా పెరట్లో బంతి విరగబూసి ఉంది. లేవని చెప్పి తలుపేశాను. "చిన్ననాటి పంతం సచ్చినోళ్ల మీదనా?" అని చుట్టాలు ఇప్పటికీ దెప్పుతారు. నిజానికి ఆమె మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆమె ఓర్వలేనిదని నాకు ముందే తెలుసు. తెలిసే కదా, ఆ రోజు నాన్నను అడిగాకే ఆ నీళ్లు పోశాను.