వియన్నాలో ఆయన అమర్చిన మొదటి రోజు

పోయిన మాఘమాసంలో ఒక ఉదయం మా తోడల్లుడు కువైట్‌లో, మంగఫ్‌లోని తన ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కన్నుమూశారు. కబురు చెప్పింది ఆయన కూతురు. ఫోనులో ఆ అమ్మాయి గొంతు నిదానంగానే ఉంది. "పెదనాన్నగారూ, మీరు కూర్చుని ఉన్నారా?" అని ముందు అడిగింది. కూర్చున్నానని చెప్పాక, "నాన్న పోయారు" అంది. ఎదుటివారిని కూర్చోబెట్టకుండా కష్టమైన మాట చెప్పకూడదన్న మర్యాద తండ్రి దగ్గర అబ్బినదే.

ఈ దేశంలో మనవాళ్ళు పోతే దేహాన్ని స్వదేశానికి పంపడమే ఆనవాయితీ. ఇక్కడ నివసించడానికి ఇచ్చిన ఇఖామా రద్దయితేగాని ఆ దేహం విమానం ఎక్కదు. ఏటేటా పంక్తిలో నిలబడి ఆయన పొడిగించుకున్న ఆ అనుమతిని కొడుకు వెళ్ళి రద్దు చేయించుకొచ్చాడు. కిటికీ వెనక గుమాస్తా ముద్ర వేసి "ఖలాస్" అన్నాడట. పని పూర్తయిందని చెప్పడానికి ఇక్కడ అందరూ వాడే మాటే అది. అందులో కాఠిన్యమేమీ లేదు. అయినా ఇంటికి వచ్చి ఆ మాట చెబుతూ వాడు చాలాసేపు ఏడ్చాడు.

మా మరదలూ పిల్లలిద్దరూ దేహంతోపాటు కోనసీమ వెళ్ళారు. నా ఆరోగ్యం ప్రయాణానికి ఒప్పుకోలేదు. తిలోదకం ఇచ్చేటప్పుడు గోత్రమూ పేరూ చెప్పాలంటుంది శాస్త్రం. ఆ పేరు పలికి నీళ్ళు వదిలే అధికారం కొడుకుది కనుక నేనిక్కడ ఆయన పేరు చెప్పను. కర్మ జరిగే చోట ఉండలేకపోయినవాడికి స్మరణ ఒక్కటే మిగులుతుంది. నేను స్మరించేది ఆయన జీవితాన్నంతటినీ కాదు. ముందు కువైట్ సముద్రపొడ్డునా, తర్వాత వియన్నా నగరంలోనూ ఆయన మా అందరిచేతా నడిపించిన ఒక్క రోజును.

నా భార్య చెల్లెలి భర్త ఆయన. నేను ఇక్కడి ఒక భారతీయ పాఠశాలలో తెలుగూ సంస్కృతమూ చెప్పేవాణ్ణి. ఆయన షువైఖ్ రేవులో ఓడల నుంచి సరుకు దింపించే పని చూసేవారు. ఓడ వచ్చే ముందురోజే ఏ క్రేను ఏది ఎత్తాలో, ఏ లారీ ఎప్పుడు రావాలో నిర్ణయించాలి. "అందరూ చురుకైన క్రేనును చూసి లెక్క వేస్తారండి అన్నయ్యగారూ. నేను అన్నిటికన్నా నెమ్మదైనదాన్ని చూసి వేస్తాను. అప్పుడు ఎవరూ ఎవరికోసమూ నిలబడక్కర్లేదు" అని ఒకసారి అన్నారు. రేవు పనిగురించి నాతో అంతకుమించి ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన కూతురికి పుట్టుకతోనే తుంటి కీలు సరిగా అమరలేదు. పసితనంలో శస్త్రచికిత్సలు జరిగాక నడక వచ్చింది గాని, దూరం నడవలేదు. కొంతసేపటికి కుడికాలు ఈడుస్తుంది, పెదవి బిగిస్తుంది, అడిగితే ఏమీ లేదంటుంది. మేమందరం కలిసి ఎక్కడికి వెళ్ళినా ఆయన అందరికన్నా వెనక నడిచేవారు. చెప్పులో ఇసుక పడిందనో, దుకాణం అద్దంలో ఏదో కనబడిందనో ఒక నెపం. ఆ అమ్మాయి ఎప్పుడూ చివరిది కాకూడదు, ఆమె వెనక ఇంకొకరు ఉండాలి. ఆయన నడకకు ఉన్న నియమం అంతే.

కువైట్‌లో గురు శుక్రవారాలు సెలవుగా ఉన్న రోజుల మాట ఇది. రేవుకు వచ్చే ఓడల సంస్థ ఒకటి పంచిపెట్టిన క్యాలెండరులో వియన్నా రాజభవనం బొమ్మ ఉండేది. భవనం వెనక పూలతోట, తోట చివర కొండ, కొండమీద తోరణాల మండపం. సంవత్సరం మారినా మా మరదలు ఆ పుటను వంటింటి గోడ నుంచి తియ్యలేదు. వేసవి సెలవుల్లో వాళ్ళు నలుగురూ, మేమిద్దరమూ ఆ ఊరు వెళ్దామన్న మాట ఒక శుక్రవారం భోజనాల దగ్గర ఖాయమైంది. అప్పుడే కాలేజీలో చేరిన కొడుకు మొదటి రోజు ఏమేం చూడాలో గడగడా చెప్పుకుపోయాడు. పెద్ద చర్చి, దాని గోపురం, చిత్రశాల, నదిలో పడవ, రాజభవనం, రాత్రికి సంగీత కచేరీ.

"ఇంకా నయం, పక్క ఊరు కూడా చూసొద్దామనలేదు" అంది నా భార్య.

అమ్మాయి మజ్జిగన్నం కలుపుకుంటూ, "నేను రాను. స్నేహితురాలి ఇంట్లో ఉంటాను" అంది.

"అదేంటే?" అంది తల్లి.

"బస్సులో కూర్చోవడానికి అంత దూరం ఎందుకమ్మా?"

దాని అర్థం మా అందరికీ తెలుసు. ఆ చలికాలంలో బడివాళ్ళు పిల్లలను విహారానికి తీసుకువెళ్ళినప్పుడు, నువ్వు అలసిపోతావు తల్లీ అని ఒక ఉపాధ్యాయిని ఆమెను బస్సులోనే కూర్చోబెట్టింది. ప్రేమతో చేసిన పనే అది. మిగతా పిల్లలు తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మా తోడల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు. "మొదటి రోజు నేను వేస్తానమ్మా. అది చూసి అప్పుడు చెప్పు. నువ్వు రానంటే అక్కడితో సరి, ఎవరమూ వెళ్ళం" అన్నారు. ఆయన మాట ఇస్తే అది మాటే. మా మరదలు గోడమీది బొమ్మవైపు ఒకసారి చూసి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన మా ఇంటికి వచ్చి, "క్షేత్రానికి వెళ్ళినవాళ్ళు మొదటి రోజు ఏం చేస్తారండి?" అని అడిగారు.

"స్నానం, దర్శనం, ఆ రాత్రి అక్కడే నిద్ర. క్షేత్రంలో నిద్ర చేయడం కూడా యాత్రలో అంగమే" అన్నాను.

ఆయన ముఖం వికసించింది. "ఆయ్, అదీ మాటంటే. దిగగానే నిద్ర, లేచాక ఒక్క తోట. చర్చీ, పడవా మర్నాటికి. మొదటి రోజు ఊరే మనల్ని చూస్తుందండి, మనం దాన్ని రెండోరోజు నుంచి చూడొచ్చు. ఇంకోటి, మనం దిగేది ఆదివారం. ఇక్కడ మనకది పనిరోజు గనక ఎవరికీ తట్టలేదు. అక్కడ దుకాణాలన్నీ కట్టేస్తారు. పులిహోర సంచిలో పెట్టుకెళ్ళాలి." కొంచెం ఆగి, గొంతు తగ్గించారు. "దారిలో మీరు ఒకచోట జపానికి కూర్చోవాలి. వదినగారికి ఒకచోట మోకాలు పట్టెయ్యాలి. మావాడికి ఒకచోట దాహం వెయ్యాలి. ఎక్కడెక్కడన్నది నేను సైగ చేస్తాను."

"నా చేత అబద్ధం ఆడిస్తావా తమ్ముడూ?"

"అబద్ధం ఎలా అవుతుందండి? జపం మీరెలాగూ చేసుకుంటారు. ఎక్కడన్నదే కదా నేను చెప్పేది."

అంతటితో ఆగలేదాయన. ఆ మొదటి రోజును ముందే ఒకసారి నడిచి చూద్దామని, ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం మమ్మల్నందరినీ సముద్రపొడ్డు రోడ్డుకు తీసుకువెళ్ళారు. ఇక్కడి పిల్లలు కారు నుంచి ఏసీ గదికి తప్ప నడిచి ఎరగరనీ, కూతురొక్కతే కాదు, మాలో ఎవరమూ నడవగలవాళ్ళం కాదనీ ఆయన వాదం. ఒక దీపస్తంభం మా బస అయింది. దూరాన ఉన్న మంచినీళ్ళ కుళాయి రాజభవనం. మధ్యనున్న సిమెంటు బెంచీ ట్రాము. మేమందరం వరసగా ఆ బెంచీమీద సర్దుకుని కూర్చున్నాం.

"నాన్నా, టిక్కెట్టు కొట్టించాలా?" అన్నాడు కొడుకు.

"కొట్టించకపోతే నిన్నొక్కణ్ణి దింపేస్తారు" అన్నారాయన.

రేవులో ఆయన దగ్గర పనిచేసే నిజామాబాద్ మనిషి ఒకడు అటు వెళుతూ మమ్మల్ని చూసి ఆగాడు. "ఏంది సార్, అందరు గిట్ల కూసున్నరు?"

"ట్రాములో ఉన్నాం" అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

"ఏడికి వోతది?"

"వియన్నాకి."

అతడు సముద్రంకేసి ఒకసారి, మాకేసి ఒకసారి చూశాడు. "మంచిగ వోయిరాండ్రి" అని తన దారిన పోయాడు.

సైగ అందినప్పుడల్లా ఎవరి పాత్ర వారు పోషించాం. నా భార్య మోకాలు పట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టాను. కళ్ళు తెరిచేసరికి అమ్మాయి నన్నే చూస్తోంది. "పెదనాన్నగారూ, నా కాలి నొప్పి తగ్గిన నిమిషానికే మీ జపం ఎలా పూర్తయిందండీ?" అంది. ఆమె వెనక్కి తిరిగింది. తండ్రి అంత దూరంలో ఒంటికాలిమీద నిలబడి చెప్పులో లేని ఇసుక దులుపుకుంటున్నారు. ఆ అమ్మాయి ఆయన్ను చాలాసేపు చూసింది.

"వస్తాను నాన్నా. కాని అక్కడ బెంచీలు నిజంగా ఉండాలి" అంది.

ఇక్కడ ఇటీవలి సంగతి ఒకటి చెప్పాలి. ఆ అమ్మాయి పెద్దదై, ఇక్కడే ఒక మందుల దుకాణంలో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రుల దగ్గరే ఉంది. ఆయనకు చివరి రోజుల్లో ఆయాసం వచ్చింది. నాలుగడుగులు వేస్తే నిలబడవలసి వచ్చేది, ఆ మాట మాత్రం ఒప్పుకునేవారు కాదు. కిందటి దీపావళికి బట్టలు కొనడానికి అందరం బజారుకు వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ప్రతి దుకాణం ముందూ ఆగి, తనకు ఏమాత్రం అక్కరలేని గడియారాలనూ సూట్‌కేసులనూ శ్రద్ధగా పరిశీలించింది. ఆయన పక్కన నిలబడి ఊపిరి తీసుకున్నారు. ఆయనకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. అయే ఉంటుంది. మా మరదలు మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంటూ ముందుకు నడిచింది.

ఇక ఆ రోజు. వియన్నాలో దిగినప్పుడు ఆదివారం ఉదయం, చిరుచలి. ఆయన అన్నట్టే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బసలో అందరం నిద్రపోయాం. లేచి ట్రాము ఎక్కి రాజభవనం తోటకు వెళ్ళాం. బెంచీలు నిజంగానే ఉన్నాయి. పూలమడుల మధ్య కూర్చుని పులిహోర తింటుంటే, దానిమీది కరివేపాకు ఏమిటని ఒక ముసలావిడ సైగలతో అడిగింది. నా భార్య వాసన చూడమని ఒక రెమ్మ ఆవిడ చేతిలో పెట్టింది. కాసేపు నడక, కాసేపు కూర్చోవడం. ఈసారి ఎవరూ నెపాలు చెప్పలేదు. అమ్మాయే "ఇక్కడ కూర్చుందాం" అంది, అందరం కూర్చున్నాం. ఎవరూ ఎవరికోసమూ ఆగినట్టు లేదు.

తోట చివరికి వచ్చేసరికి కొండ ఎదురుగా నిలిచింది. మా మరదలి వంటింటి గోడమీద ఉన్న కొండే. పైన తోరణాల మండపం, పైకి మెలికలు తిరుగుతూ పోయే బాట. మా మరదలు చూస్తూ నిలబడింది. కొండను ఆయన మూడోరోజుకు వేశారు, అదీ బండిలో.

"నాన్నా, మీరు పైకి వెళ్ళి రండి" అంది అమ్మాయి.

"కొండ ఇవాళ్టి లెక్కలో లేదమ్మా."

"తెలుసు. మీరొక్కరే వెళ్ళండి. మేమిక్కడ కూర్చుంటాం."

"మూడోరోజు అందరం కలిసి వెళ్దాం. తొందరేముంది?"

"మీరు ఎప్పుడూ నా వెనకే నడుస్తారు. నడుస్తుంటే మీ వీపు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు నాన్నా."

"చొక్కాకి వెనకవైపు ఇస్త్రీ చేసుకోరే, అందుకే చూపించరు" అన్నాడు కొడుకు.

ఆయన భార్యవైపు చూశారు. "వెళ్ళండి, పిల్ల అడుగుతోందిగా" అందామె. ఆయన కూతురి పక్కన వంగి, "నువ్వు ఒక్కదానివీ..." అని ఏదో అనబోయారు.

"నేను బస్సులో లేను నాన్నా. తోటలో ఉన్నాను" అంది ఆ అమ్మాయి.

ఆయన లేచి నిలబడ్డారు. చెప్పులు సర్దుకుని బయలుదేరారు. మొదటి మలుపులో వెనక్కి తిరిగి చూశారు. రెండో మలుపులో మళ్ళీ చూశారు. ప్రతిసారీ ఆ అమ్మాయి చెయ్యి ఊపి, పొమ్మన్నట్టు సైగ చేసింది. భుజాలు కొంచెం వంగి, మెడ కొంచెం ముందుకు చాచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుస్తున్న ఆ మనిషిని నేనూ అప్పుడే మొదటిసారి వెనకనుంచి చూశాను. పిల్ల రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

పోయిన మాఘంలో మళ్ళీ ఆయనే ముందు వెళ్ళారు. ఈసారి వెళ్ళమని ఎవరూ అడగలేదు.

ఆ రోజు పైన మండపం దగ్గర జనం మూగి ఉన్నారు. అక్కడికి చేరినవాళ్ళందరూ చేతులు చాచి ఒకరికొకరు ఊరిని చూపించుకుంటున్నారు. చర్చి గోపురమూ, ఇళ్ళ కప్పులూ, దూరాన నదీ, ఆ నగరమంతా ఆయన కళ్ళముందు పరిచి ఉండాలి. ఆయన జనం నుంచి పక్కకు జరిగి, గట్టు అంచుకు వచ్చి నిలబడ్డారు. తల పైకెత్తలేదు. ఎండకు నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కింద తోటలో మేమున్న బెంచీ ఎక్కడుందో ఒక్కొక్క మడీ దాటుకుంటూ వెతుకుతున్నారు.