రెండో గేరులో నేస్తం ఊరికి

దేవమణికి మోటారు సైకిలు నేర్పింది ఆమె తమ్ముడు ఐజాక్. నేర్పాడంటే, చర్చి వెనక ఖాళీ జాగాలో కొన్ని ఆదివారాలు వెనక కూర్చుని కేకలు వేశాడు. నలభై దాటిన ఆడది, కాఫీ తోటా పసుపు చేనూ తప్ప మరో లోకం ఎరగనిది, గేర్ల బండి నడపడమేమిటని ఊళ్లో నవ్వని వాళ్లు లేరు. నవ్వితే నవ్వారు. బస్సెక్కితే ఘాట్ రోడ్డు రెండో మలుపుకే పేగులు నోట్లోకొచ్చే మనిషికి సొంత బండికి మించిన సుఖం ఏముంది? ఆ బండి మీదే ఆమె అరకు సంతకీ, చేనుకీ, ప్రార్థన కూటానికీ తిరిగేది. కొండదారికి ఒకటో గేరు, రెండో గేరు చాలు. మలుపు వస్తే హారన్ కొట్టాలి. ఆమెకు వచ్చిన విద్య అంతే.

అంత విద్యతో ఆమె ఒంటరిగా కొండ దిగి, భీమిలి మీదుగా సముద్రం పక్కనే పడి, విశాఖపట్నం దాటి, పూడిమడక అవతలి దాకా పోవడానికి సిద్ధపడింది. అక్కడొక చేపలవాళ్ల పేటలో ఆమె నేస్తం కూతురి పెళ్లి.

నేస్తమంటే ఫోనులో హలో చెప్పుకునే స్నేహం అనుకునేరు. వీళ్లిద్దరూ నేస్తం కట్టుకున్నవాళ్లు. సంతలో నలుగురి ఎదుట ఒకే ఆకులో అన్నం తిని, ఒకరి గాజు ఒకరు తొడుక్కున్నారు. ఆ రోజు నుంచీ ఒకరి పేరు ఒకరు పలకకూడదు, "నేస్తం" అనే పిలుచుకోవాలి. ఇద్దరి మధ్యా తక్కెడ రాకూడదు. ఇచ్చేదేదైనా దోసిలితో ఇవ్వాలి, ఎంత అని అడక్కూడదు. పాస్టరుగారు ఇదేం ఆచారమని మొదట విసుక్కున్నాడు గాని, మనుషులు ప్రేమగా ఉండకూడదని చెప్పే వాక్యం ఆయనకూ దొరకలేదు.

ఆ నేస్తం అచ్చియమ్మ. ఎండుచేపల గంపతో రైలెక్కి వారం వారం అరకు సంతకు వచ్చేది. ఇరవై ఏళ్ల కిందట ఒక వానాకాలం, చంకలో పిల్ల గాయత్రికి ఒళ్లు కాలిపోయే జ్వరం, పట్టాల మీద బండరాళ్లు పడి రైళ్లు లేవు. సంతంతా ఖాళీ అయిపోతుంటే ఆ తల్లి గంప పక్కన కూర్చుని ఏడుస్తోంది. దేవమణి పిల్లను వీపుకు కట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. పిల్ల లేచి తిరిగేదాకా రాగి అంబలి పోసి సాకింది. నేస్తం కట్టుకుందామని అడిగింది మాత్రం అచ్చియమ్మే.

"నా గుంట పెళ్లికి పసుపు నువ్వే తేవాల. మొదటి రోకలి పోటు నువ్వే ఎయ్యాల. అప్పుడే నీకు సముద్రం సూపిత్తాను, సెయ్యట్టుకుని," అంది ఆ రోజు.

దేవమణి సముద్రం చూడలేదు. చూడాలనుకుంటే ఎప్పుడో చూసేది. నేస్తం చెయ్యి పట్టుకుని చూడాలని అట్టేపెట్టుకుంది.

ఈ ఏడు కొన్ని వారాలుగా అచ్చియమ్మ సంతకు రాలేదు. ఆమె పేటకే చెందిన సోములమ్మ నెత్తళ్ల చేపల గంప దించుతూ, "గురువారం మీ నేస్తం ఇంట్లో పసుపు కొడతన్నారు గదేటి, నువ్వింకా ఇక్కడే ఉన్నావేటి?" అంది.

దేవమణికి ఏ కబురూ రాలేదు. "తెలుసు, కబురెట్టింది," అని అబద్ధమాడింది. నేస్తం పరువు నిలబెట్టడానికి మొదట అబద్ధమాడింది ఆమే. ఆ మాట గుర్తుంచుకోండి.

ఇంటికొస్తే భర్త ఫిలిప్పు పొయ్యి దగ్గర కూర్చుని, "పిలిసిందేటి?" అన్నాడు.

"నేస్తానికి పిలుపేటి? పెళ్లి పనుల్లో మరిసిపోనాది."

"పిలవని పేరంటానికి అంత దూరం ఎల్తావా?"

"మాటిచ్చినాను."

ఆమె సొంత చేనులో తవ్వి, సొంత చేతులతో ఉడకబెట్టి, ఎండబెట్టిన పసుపు కొమ్ముల్లో మంచివన్నీ ఏరి సంచి నింపుతుంటే, ఫిలిప్పు మూతి కట్టడానికి తాడు అందించాడు. సంత మర్నాటి నుంచీ రైళ్లు మళ్లీ బండరాళ్ల వల్లే ఆగి ఉన్నాయి. బస్సు మాట ఆమె ఎత్తనివ్వలేదు. ఐజాక్ వచ్చి దారి చెప్పాడు.

"బీమిలి కాడ సముద్రం తగుల్తాది అప్పా. అక్కడి నుంచి దాన్ని ఎడం పక్క ఉంచుకుని ఎల్లిపో. తప్పిపోడానికి లేదు."

అలా వెళ్లింది మహాతల్లి! ఘాట్ రోడ్డు బాగానే దిగింది, అది ఆమె ఇలాకా. శృంగవరపుకోట దాటి మైదానంలో పడ్డాక మొదలైంది తమాషా. రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది, మలుపన్నది లేదు. చెయ్యి ఊరుకోదు గదా, చింతచెట్టు కనిపించినా, ఇంటి మూల కనిపించినా హారన్ కొట్టింది. గేదెలు కాసుకునే ముసలాయన తననే తిడుతోందనుకుని రోడ్డు దిగి నిలబడ్డాడు. బండేమో రెండో గేరులోనే గీపెడుతోంది. ఇంజను సెగకు కాళ్లు కాలుతున్నా, మైదానంలో బండ్లు ఇలాగే అరుస్తాయి కాబోలు అనుకుంది.

భీమిలి దగ్గర పెట్రోలు పోసే కుర్రది చెవులు మూసుకుని, "అక్కా, నాలుగో గేరు లేదేటి నీ బండికి?" అంది.

"ఉంటాదేటి?" అంది దేవమణి.

ఆ పిల్ల నవ్వలేదు, పక్కన నిలబడి వేసి చూపించింది. నాలుగో గేరులో పడ్డాక బండి నోరు మూసుకుంది. గాలి ముఖానికి కొట్టింది. దేవమణికి బతుకులో ఎప్పుడూ లేనంత ఆనందం వేసింది. తన మీద తనకే ముచ్చటేసి, హెల్మెట్టు లోపల పెద్దగా కీర్తన ఎత్తుకుంది.

ఎడం పక్క సముద్రం హోరుమంటూనే ఉంది. ఆమె చూడలేదు. కొత్త చేతికి మెడ తిప్పే ధైర్యం లేదన్నది సగం నిజం. తక్కిన సగం, నేస్తం చూపిస్తానన్నదాన్ని దొంగచాటుగా చూడ్డం ఆమెకు ఇష్టం లేకపోయింది. దారి పొడుగునా నేస్తానికి సాకులు అల్లింది. ఫోను పాడై ఉంటుంది. ఒంట్లో బాగుండి ఉండదు. తనని చూడగానే "ఓలమ్మో, నా నేస్తం!" అని ఎదురొచ్చి మెడకు చుట్టుకుంటుంది. గాజువాక దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు కూడా ఆ కేక తలుచుకునే బండిని ముందుకు నడిపింది.

పూడిమడక దాటి, సరుగుడు తోటల వెంట ఇసుకదారిలో రెండుసార్లు పడి లేచి, పేటలోకి వచ్చేసరికి పందిరి కనిపించింది. రోలుకు తోరణం కట్టారు. చుట్టూ ఆడవాళ్లు. మగపెళ్లివారి తరఫు మనుషులని చీరలు చూస్తేనే తెలుస్తోంది, సొంత పడవలున్న కుటుంబం. మధ్యలో గాయత్రి, పెళ్లి కళతో. దేవమణిని చూసి పిల్ల ముఖం వెలిగింది, "పెద్దమ్..." అంటూ సగం లేచింది. తల్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. పిల్ల కూర్చుంది.

దేవమణి సంచి భుజాన వేసుకుని, ఒంటినిండా దుమ్ముతో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ పందిరి అంచున నిలబడింది.

వియ్యపురాలు తేరిపార చూసింది. "ఎవులు వొదినా?"

అచ్చియమ్మ రెప్ప వెయ్యలేదు.

"కొండ మనిసి. సంతలో సరుకమ్ముతాది." ఇటు తిరిగి గొంతు పెంచింది. "ఏటి దేవమణీ, పసుపు తెచ్చినావా? కిలో ఎంతకిత్తావు?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ నోట తన పేరు వినడం ఇరవై ఏళ్ల తర్వాత అదే మొదలు. పైగా ధర! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి దేవమణి విన్నది గాని, ఆ మంట ఇలా ఉంటుందని తెలియదు. నేనైతే ఆ సంచి రోట్లో కుమ్మరించి, నలుగురిలో కడిగేసేవాణ్ణి. నిజం చెప్పడానికి ఆమెకు ఒక్క మాట చాలు. గాయత్రి తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది. దేవమణి ఆ పిల్లను చూసింది.

"మీరే సూసి ఇవ్వండమ్మా," అని సంచి రోలు పక్కన దించింది. "డబ్బులు సంతలో ఇద్దురుగాని."

వియ్యపురాలు కొమ్ము విరిచి వాసన చూసి, "మంచి పసుపే. కొండోళ్లకి మోసం తెల్దు," అని మెచ్చుకుంది. మొదటి పోటు ఆవిడే వేసింది. ఆ చప్పుడు బండి దగ్గరకు నడుస్తున్న దేవమణి వీపు మీద పడింది. మంచినీళ్లు తాగమన్న వాళ్లు లేరు.

తిరుగుదారిలో సముద్రం కుడి పక్కకు వచ్చింది. పేట కనుమరుగయ్యాక బండి ఆపి, ఇసుకలో నిలబడి, దాన్ని ఒంటరిగా చూసింది. ఇంత కాలం అట్టేపెట్టుకున్న సముద్రం అదే. ఎవరూ లేరు గదా అని గొంతెత్తి ఏడ్చింది. నమ్మినందుకు తనను తాను తిట్టుకుంది. ఏడుపయ్యాక హెల్మెట్టు పెట్టుకుని నాలుగో గేరులో వచ్చేసింది.

"సముద్రం సూసినావా?" అన్నాడు ఫిలిప్పు.

"సూసినాను. వొట్టి ఉప్పునీళ్లు."

పెళ్లి హడావుడి తీరాక ఒక శుక్రవారం అచ్చియమ్మ సంతకు వచ్చింది. గంప దింపుకుని, ఎప్పటిలా దేవమణి పక్కనే చతికిలబడింది. ఏమీ జరగనట్టే గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"నేస్తం, కోపమొచ్చిందేటి? ఆలు పెద్దోళ్లు. కొండోళ్లతో కంచం పొత్తేటని సమ్మందం ఒగ్గీసుకుంటే నా గుంట గతేటి? నీకు తెల్దేటి నా మనసు? డబ్బులంటే నువ్వు తీసుకోవని ఇవి తెచ్చినాను. మంచి నెత్తళ్లు, నీకోసమే ఏరినాను."

దేవమణి అంతా విన్నది. పిల్ల సంబంధం కోసం అన్న మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు. ముందే ఒక్క కబురు పెట్టి రావద్దని ఉంటే ఆమె రాకపోయేది, పసుపు సోములమ్మ చేతికిచ్చి పంపేది. అచ్చియమ్మ రెండు చేతులా నెత్తళ్లు తీసి, పొంగిపొర్లే దోసిలి ఆమె బుట్ట మీదికి చాపింది.

దేవమణి బుట్ట వెనక్కి లాక్కుంది. దోసిలి గాల్లోనే ఉండిపోయింది. చుట్టుపక్కల గంపల వాళ్లు చూస్తున్నారు. దేవమణి కొంగుముడి విప్పి డబ్బు తీసి గోనె మీద పెట్టింది.

"అచ్చియమ్మా," అంది, "తూకం ఎయ్యి."