రీడు మీద కారం

ఆ రోజుల్లో మా గుంటూరు పక్క పల్లెల్లో పెళ్ళికి వెళ్ళొచ్చిన వాళ్ళని పప్పుచారు ఎలా ఉందని అడిగాక, వెంటనే క్లారినెట్ ఎవరిదని అడిగేవారు. పిల్ల సంగతి ఆ తర్వాతే. తొంభైల చివర్లో మాట ఇది. డప్పు చిందులేయిస్తుంది, ట్రంపెట్ పక్క ఊరిని కూడా పెళ్ళికి పిలుస్తుంది, కానీ పాటను పాటలా పాడేది మాత్రం క్లారినెట్టే. ఊపిరితో నడిచేది కాబట్టి అది మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుందని మా మేనమామ అనేవాడు. (ట్రంపెట్‌ది కూడా ఊపిరే కదా అని ఎవరైనా అంటే, "వాడిది ఊపిరి కాదు, గాలి" అని కొట్టిపారేసేవాడు. అందుకే మా ట్రంపెట్ అన్నకు గాలిసంచి అని పేరు పడిపోయింది.) బ్యాండు మా మావయ్యదే. డిగ్రీ రెండుసార్లు తప్పి, ఇంట్లో కూర్చుంటే అమ్మ తిట్లు, బయట తిరిగితే నాన్న తిట్లు పడుతున్న నన్ను పిలిచి, బంగారు జరీ కుట్టిన ఎర్రకోటు తొడిగి, తన పాత క్లారినెట్ చేతికిచ్చి మనిషిని చేసింది ఆయనే.

ఏడాది తిరిగేసరికి నాకు రెండు విషయాలు బాగా వచ్చాయి. ఒకటి, కీచుమనకుండా క్లారినెట్ వాయించడం. రెండోది, మార్టూరు చర్చిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడి పాటల బృందంలో రెండో వరసలో నిలబడి పాడిన అమ్మాయి గురించి పొద్దస్తమానం ఆలోచించడం. ఆ రోజు ఆరాధన అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "చరణం మొత్తం ఒక్క బిగిన వాయించారు, మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారండీ?" అని అడిగింది. నేను చెప్పాల్సిన జవాబు చాలా సులువు. కానీ అడిగిన మనిషిని చూస్తుంటే నిజంగానే ఊపిరి అందలేదు, తల ఊపి వచ్చేశాను. మా మావయ్యకు సంగతి అర్థమై, పెద్దవాళ్ళ ద్వారా కబురు పంపాడు.

పిల్ల నాన్నగారు రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో మేస్త్రీ. రాయిలాంటి మనిషి కూడాను. "సంబంధం బాగానే ఉంది గానీ, బ్యాండు వాళ్ళు తాగుతారు. మా తమ్ముడు డోలు వాయించి వాయించి, తాగి తాగి పోయాడు. కళ్ళారా చూస్తే గానీ మాట ఇవ్వను" అన్నాడట. "మావాడు సోడా తాగినా తుమ్ముతాడు, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి" అని మా మావయ్య సవాలు విసిరి వచ్చాడు. మేస్త్రీగారు, ఆయన తల్లి కలిసి పెదకాకానిలో మేం వాయించే ఒక పెళ్ళికి వస్తున్నట్టు కబురొచ్చింది. అమ్మ పొద్దున్నే ప్రార్థన చేసి పంపింది. "పిచ్చివేషాలు వెయ్యకు. నవ్వుతూ ఉండు, మరీ నవ్వకు" అంది.

పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు, అన్నీ పద్ధతిగా జరిగాయి. ఇక అప్పగింతలే మిగిలాయి. పందిరి పక్కనే ఖాళీ స్థలంలో ఎవరో రైతు మిరపకాయలు ఎండబోసుకున్నాడు. మార్చి నెల, ఆకాశంలో చుక్క మబ్బు ఉండకూడదు. కానీ ఉన్నట్టుండి పడమట నల్లగా కమ్ముకొచ్చింది. మా వైపు మిరపకళ్ళం మీద మబ్బు పడితే అది ఎవరి కళ్ళం అని ఎవరూ అడగరు. ఖాళీగా ఉన్న చెయ్యి ప్రతిదీ పరిగెత్తాల్సిందే, అది అక్కడి ధర్మం. పట్టుచీరలు బొడ్లో దోపుకుని ఆడవాళ్ళు, పంచెలు ఎగగట్టి మగపెళ్ళివారు, చివరికి పురోహితుడు గారు కూడా దిగిపోయారు. నేను కూడా క్లారినెట్ గాలిసంచి చేతికిచ్చి దూకాను. రెండు చేతులా కాయలు ఎగదోసి, కుప్ప చేసి, పట్టాలు కప్పేశాం. తీరా చూస్తే రెండు చినుకులు రాల్చి మబ్బు తన దారిన తాను పోయింది. ఎర్రకోటు కాబట్టి ఒంటి మీద కారం కనపడలేదు. చెంబుడు నీళ్ళతో చేతులు తడుపుకుని, అదే కడుక్కోవడం అనుకున్నాను.

క్లారినెట్ మూతి దగ్గర పలచటి బద్ద ఒకటి ఉంటుంది, దాన్నే రీడు అంటాం. అది వణికితేనే పాట. పొడిగా ఉంటే కీచుమంటుంది గనుక వాయించే ముందు నోట్లో పెట్టుకుని బాగా నానబెట్టాలి. పిల్ల తరఫువాళ్ళు వస్తున్నారు కదా, ఒక్క కీచు కూడా రాకూడదని నేను ఆ రోజు కొత్త రీడు తీసి, ఆ వేళ్ళతోనే ఇటు ఒకసారి అటు ఒకసారి నిమిరి, నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే పందిట్లోకి మేస్త్రీగారు, ఆయన తల్లి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. "అప్పగింతలు! ఎత్తుకోరా!" అన్నాడు మావయ్య.

పల్లవి సగంలో ఉండగా పెదవులు భగ్గుమన్నాయి. తర్వాత నాలుక. చెమట కారుతుంటే అలవాటుగా వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాను, అంతే, లోకమంతా ఎర్రబడిపోయింది. కళ్ళ వెంట ధార, ముక్కు వెంట ధార. ఆపుదామంటే ఎదురుగా పెళ్ళికూతురు వాళ్ళమ్మను పట్టుకుని ఏడుస్తోంది. ఆ పాట మధ్యలో ఆగకూడదు. ఒంటికాలి మీద ఒకసారి, రెండో కాలి మీద ఒకసారి నిలబడుతూ, ఊగిపోతూ వాయించాను. నన్ను చూసి ఆడవాళ్ళంతా రెట్టింపు ఏడ్చారు. "ఆ అబ్బాయికి ఆడతోబుట్టువులు ఉన్నట్టున్నారమ్మా, ఎంత జాలిగుండె!" అంది ఒకావిడ. (నాకు ఒక్క చెల్లెలు కూడా లేదు.)

పాట అయింది. వాచిన మూతితో, చింతనిప్పుల్లాంటి కళ్ళతో, తూలుకుంటూ వెళ్ళి మేస్త్రీగారికి నమస్కారం పెట్టాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"పట్టపగలే మొదలుపెట్టాడన్నమాట. పదమ్మా, పోదాం."

మావయ్య అడ్డం పడ్డాడు. నేను చెబుదామంటే నాలుక మడత పడింది. నా నోటి వెంట వచ్చినవి మాటలు కావు, అచ్చం తాగుబోతు కూతలే. ఆ క్షణంలో మార్టూరు పిల్ల నాకు దక్కదని తెలిసిపోయింది. అప్పుడు కారాయి నిజం కన్నీళ్ళు, ఎవరూ గుర్తుపట్టలేదు గానీ.

ముసలమ్మ మాత్రం కదల్లేదు. "ఏరా అబ్బాయ్, ఇట్రా. నా మొహాన ఊదు."

ఊదాను. గట్టిగా తుమ్మింది.

"మందు వాసన కాదురా ఇది."

"వాసన రాని రకం తాగుంటాడే అమ్మా!"

ఆమె నా చేతులు తిప్పి గోళ్ళు చూసింది. పుట్టిందగ్గర్నుంచీ మిరప కోతకు వెళ్ళిన మనిషి. తర్వాత క్లారినెట్ లాక్కుని, కూరలో ఉప్పు చూసినంత నింపాదిగా రీడు మీద నాలుక ఆనించింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత, "ఓర్నాయనో! చచ్చాన్రోయ్! నీళ్ళు!" అని ఆమె వేసిన కేక మా గాలిసంచి ట్రంపెట్‌కి కూడా ఏనాడూ పలకలేదు. చెంబుడు మజ్జిగ, పెళ్ళివారి లడ్డూలు రెండు లోపలికి వెళ్ళాక గానీ మాట రాలేదు.

"ఇంత మండుతుంటే ఊదడం ఆపలేకపోయావంట్రా, ఎర్రి నాగన్నా?"

"ఆ పిల్లని పంపించేస్తున్నారు కదండీ," అన్నాను, వచ్చినంతలో. "మధ్యలో ఆపితే బాగోదని..."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. "కూరలో కారం ఎక్కువైందని మీ అయ్య కంచం నా మొహాన కొట్టాడురా, నీకు గుర్తుందో లేదో. వీడు నోట్లో నిప్పులు పెట్టుకుని ఎవరో కన్నపిల్ల కోసం పాట పూర్తిచేశాడు. ఇంకేం చూస్తావు? ఇచ్చెయ్."

 మేస్త్రీగారు తల్లి కోసం తెచ్చిన లడ్డూల్లో మిగిలినదాన్ని నా చేతిలో పెట్టాడు.

మా పెళ్ళయిన ఆరేడేళ్ళకు ముసలమ్మ కన్నుమూసింది. అప్పటికే పెళ్ళిళ్ళకు పెట్టెలంత స్పీకర్లు వచ్చేశాయి, మావయ్య బ్యాండు మూతపడింది, నేను మామగారి యూనిట్లోనే పనికి కుదిరాను. సమాధుల తోట దాకా మనవడి వరసైన నేనే వాయించాలని ఆమె చెప్పి పోయిందట. అటక మీది నుంచి క్లారినెట్ దించి, కొత్త రీడు నానబెట్టి, ఆమెకు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నాను. మొదటి చరణం దాటకుండానే కళ్ళు కారిపోవడం మొదలైంది. ఒంటికాలి మీద ఒకసారి, రెండో కాలి మీద ఒకసారి, అచ్చం అప్పటి ఎర్రకోటు కుర్రాడిలాగే. పక్కన నడుస్తున్న మా ఆవిడ, ఏడుస్తూనే నా వైపు వంగి, "చేతులు కడుక్కున్నారా?" అని అడిగింది.

చరణానికీ చరణానికీ మధ్య, ఊపిరి తీసుకునే చోట, "సబ్బుతో" అన్నాను.